విడాకులా, తగాదాలా?

1950లో షెల్డన్ గ్లూక్, ఎలినార్ గ్లూక్ అనే హార్వర్డ్ దంపతులు బాల నేరస్థుల మీద ఒక లావుపాటి పుస్తకం తెచ్చారు. బాస్టన్ నగరంలోని పేద వాడల్లో పెరిగిన వెయ్యిమంది మగపిల్లల జీవితాలను దాదాపు పదేళ్లపాటు తవ్వి తీసిన వివరాలు అందులో ఉన్నాయి. వాళ్లలో 500 మంది దొంగతనాల వంటివి చేసి సంస్కరణ పాఠశాలలకు చేరినవాళ్లు. మిగతా 500 మంది అలాంటి వాడల్లోనే పెరిగినా ఏ కేసులోనూ ఇరుక్కోనివాళ్లు. వయసు, తెలివితేటలు, తాతముత్తాతలు ఏ దేశం నుంచి వచ్చారు, ఎలాంటి వాడలో ఉంటున్నారు అనే నాలుగు విషయాల్లో ఒక్కో నేరస్థ బాలుడికీ సరిజోడు చూసి మరీ రెండో గుంపును ఎంచుకున్నారు. తీరా లెక్క కడితే, మొదటి గుంపులో నూటికి 60 మంది చెదిరిన ఇళ్ల పిల్లలు. తల్లో తండ్రో చనిపోవడమో, ఇద్దరూ విడిపోవడమో, ఒకరు వదిలేసి పోవడమో జరిగిన ఇళ్లవి. రెండో గుంపులో అలాంటివాళ్లు నూటికి 34 మంది. ఇంత తేడా కళ్లెదుట కనబడ్డాక ఇంకా సందేహమేమిటి అనిపిస్తుంది. 'పిల్లల మొహం చూసైనా సర్దుకుపోండి' అని పెద్దమనుషులు చెప్పే మాటకు లెక్కల దన్ను దొరికినట్టయింది.

ఆ మాటలో కొంత నిజముంది. ఎంత నిజముందో, ఎక్కడి దాకా వచ్చి ఆగిపోతుందో చూడటమే ఈ అధ్యాయం పని. నా వాదన ముందే చెప్పేస్తాను. పిల్లవాణ్ణి చెడుదారి పట్టించే బలం కోర్టు ఇచ్చే విడాకుల కాగితానికి తక్కువ. అంతకుముందు ఏళ్ల తరబడి ఇంట్లో నడిచిన తగాదాలకు, ఆ తర్వాత పిల్లవాడి మీద సన్నగిల్లే పెద్దల కనిపెట్టుకు ఎక్కువ. అలాగని విడాకుల తప్పేమీ లేదని తేల్చేయడానికి కూడా సాక్ష్యం ఒప్పుకోదు. ఆ సంగతికీ వద్దాం.

ముందు బాస్టన్ అంకెల్ని సరిగ్గా చదవాలి. నేరం చేసిన పిల్లల్లో 60 శాతం చెదిరిన ఇళ్ల వాళ్లంటే, చెదిరిన ఇళ్ల పిల్లల్లో 60 శాతం నేరాలు చేస్తారని అర్థం రాదు. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ వాటి మధ్య చాలా దూరముంది. గ్లూక్ దంపతులు నేరస్థులను సగం, కానివాళ్లను సగం తామే ఏరి కూర్చారు కాబట్టి, మామూలు జనంలో ఒక విడిపోయిన జంట కొడుకు దొంగగా మారే అవకాశం ఎంతో ఈ లెక్క నుంచి రాబట్టలేం. పైగా ఏ గొడవా లేకుండా పెరిగిన 500 మందిలోనూ మూడోవంతు పిల్లలు చెదిరిన ఇళ్ల నుంచే వచ్చారు. వాళ్లకేమీ కాలేదు. ఇంకో చిక్కు ఏమిటంటే, మొదటి గుంపును తెచ్చింది వీధుల్లోంచి కాదు, సంస్కరణ పాఠశాలల్లోంచి. ఒకే సైకిలు దొంగతనంలో ఇద్దరు కుర్రాళ్లు దొరికారనుకుందాం. ఒకడి కోసం తల్లీ తండ్రీ ఇద్దరూ కోర్టుకు వచ్చి, 'ఈసారికి వదిలేయండి, మేం చూసుకుంటాం' అని హామీ ఇస్తారు. రెండోవాడి తరఫున పని మానుకుని వచ్చిన తల్లి ఒక్కతే ఉంటుంది. జడ్జి ఎవరిని ఇంటికి పంపుతాడో, ఎవరిని ప్రభుత్వ సంస్థకు పంపుతాడో ఊహించడం కష్టం కాదు. ఇల్లు చెదరడం వల్ల నేరం పెరిగిందా, శిక్ష పెరిగిందా అన్నది ఇక్కడ కలగలిసిపోతుంది.

ఈ అనుమానం కొత్తది కాదు. 1932లోనే షికాగోలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే సామాజిక శాస్త్రవేత్తలు కోర్టుకెక్కిన పిల్లల్ని బడికెళ్లే మామూలు పిల్లలతో పోల్చారు. కోర్టు పిల్లల్లో 42.5 శాతం, బడి పిల్లల్లో 36.1 శాతం చెదిరిన ఇళ్లవాళ్లని తేలింది. జనం ఊహించుకున్న అగాధం అక్కడ కనబడలేదు. తర్వాత ఐవాన్ నై అనే పరిశోధకుడు వాషింగ్టన్ రాష్ట్రంలో పోలీసు రికార్డులను పక్కనబెట్టి, నువ్వేం చేశావో నువ్వే రాయమని బడిపిల్లలకు కాగితాలిచ్చాడు. 1958లో వచ్చిన అతని పుస్తకం ప్రకారం, అమ్మానాన్నలు కలిసే ఉన్నా సంతోషం లేని ఇళ్ల పిల్లలు, విడిపోయిన ఇళ్ల పిల్లలకన్నా ఎక్కువ తప్పుడు పనులు చేశామని ఒప్పుకున్నారు. 1991లో ఎడ్వర్డ్ వెల్స్, జోసెఫ్ రాంకిన్ అప్పటిదాకా జరిగిన 50 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. చెదిరిన ఇళ్ల పిల్లల్లో బాలనేరం 10 నుంచి 15 శాతం ఎక్కువగా ఉంది. కానీ ఆ తేడా ఎక్కువగా బడి ఎగ్గొట్టడం, ఇంట్లోంచి పారిపోవడం వంటి చిన్న చిన్న ఆగడాల్లోనే ఉంది. దొంగతనాల దగ్గరికీ కొట్లాటల దగ్గరికీ వచ్చేసరికి అది బాగా పలచబడిపోయింది. అంటే సంబంధం ఉన్నమాట నిజమే. అది జనం భయపడేంత పెద్దది మాత్రం కాదు.

సంబంధం ఉందని ఒప్పుకున్నాక, దేనితో ఉందన్నది అసలు ప్రశ్న. తండ్రి ఇంట్లో లేకపోవడమే పిల్లవాణ్ణి చెడగొడుతుందంటే, ఆ తండ్రి చనిపోయినా, విడాకులిచ్చి పోయినా ఫలితం ఒకటే కావాలి. ప్రకృతి, చట్టం రెండూ కలిసి మన కోసం ఏర్పాటు చేసిన ప్రయోగం లాంటిది ఇది. బ్రిటన్‌లో 1946 మార్చిలో ఒకే వారంలో పుట్టిన పిల్లల్లోంచి 5,362 మందిని ఎంచుకుని జీవితాంతం వెంబడించే అధ్యయనం ఒకటి నడిచింది. అందులోని మగపిల్లలు 21 ఏళ్లు వచ్చేలోగా ఎంతమంది పోలీసు హెచ్చరికకో కోర్టు శిక్షకో గురయ్యారో 1979లో మైకేల్ వాడ్స్‌వర్త్ లెక్క తీశాడు. తల్లిదండ్రులు విడిపోయినవాళ్లలో 27 శాతం. తల్లి చనిపోయినవాళ్లలో 19 శాతం. తండ్రి చనిపోయినవాళ్లలో 14 శాతం. ఇద్దరూ కలిసున్న ఇళ్లలోనూ 14 శాతమే. తండ్రి పోయిన పిల్లవాడికీ, తండ్రి రోజూ సాయంత్రం ఇంటికొచ్చే పిల్లవాడికీ ఈ విషయంలో తేడాయే లేదు. ఖాళీ కుర్చీకి ఇంత శక్తి ఉందనుకున్నవాళ్లు ఈ అంకె దగ్గర ఒకసారి ఆగి ఆలోచించాలి. అలాగే 27 శాతాన్ని తిరగేసి చదవడం కూడా మరిచిపోకూడదు: విడిపోయిన ఇళ్ల మగపిల్లల్లో 73 శాతం మంది ఏ రికార్డులోకీ ఎక్కకుండానే ఇరవై ఒక్క ఏళ్లకు చేరారు.

దీనికి ఒక బలమైన అభ్యంతరముంది. భర్త పోయిన ఆవిడనూ, భర్తతో విడిపోయిన ఆవిడనూ లోకం ఒకే కంటితో చూడదు. మొదటి ఆవిడకు సానుభూతి దొరుకుతుంది, చుట్టాలు చేయందిస్తారు. యుద్ధానంతర బ్రిటన్‌లో పిల్లలున్న వితంతువులకు జాతీయ బీమా కింద భత్యం కూడా ఉండేది. రెండో ఆవిడకు ఇవేవీ లేవు, మీదుమిక్కిలి నిందలు. కాబట్టి ఆ తేడాకు తగాదాలు కారణం కానక్కర్లేదు, డబ్బూ పరువూ కారణం కావచ్చు. ఈ అభ్యంతరం న్యాయమైనదే. కాకపోతే ఇది కూడా విడాకుల చుట్టూ ఉన్న పరిస్థితుల వైపే వేలు చూపిస్తోందన్నది గమనించాలి. తండ్రి లేకపోవడం వేరు, లేకుండా పోయిన తీరు వేరు. పోయిన తీరులో ఏముందో తెలియాలంటే ఇంటి లోపలికి చూసిన కళ్లు కావాలి.

అలాంటి కళ్లు బాస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో దొరికాయి. రిచర్డ్ కాబట్ అనే వైద్యుడు, పేద వాడల పిల్లలకు చిన్నప్పుడే ఒక పెద్దదిక్కును అంటగడితే వాళ్లు నేరాల వైపు పోరని నమ్మి, 1939లో ఒక పథకం మొదలుపెట్టించాడు. 506 మంది మగపిల్లల్ని జంటలు జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకరికి సలహాదారును ఇచ్చారు. ఆ సలహాదారులు సగటున నెలకు రెండుసార్లు, ఐదేళ్లకు పైగా ఆ ఇళ్లకు తిరిగారు. వారంలో ఏదో ఒక రోజు, ఏదో ఒక వేళకు వెళ్లేవారు కాబట్టి ఇల్లు ముస్తాబై ఎదురుచూసే వీలుండేది కాదు. తల్లి కొడుకుతో ఎలా మాట్లాడింది, తండ్రి తాగి ఉన్నాడా, వచ్చినవాడి ముందే భార్యాభర్తలు దెబ్బలాడుకున్నారా, బడి నుంచి వచ్చేసరికి పిల్లవాడి కోసం ఇంట్లో ఎవరున్నారు అన్నవన్నీ ప్రతి సందర్శన తర్వాతా రాసిపెట్టారు. విచిత్రమేమిటంటే ఆ పథకం మాత్రం విఫలమైంది. సాయం పొందినవాళ్లు పొందనివాళ్లకన్నా బాగుపడలేదు సరికదా, కొన్ని విషయాల్లో ఇంకా దిగజారారు. సాయం వమ్మైనా దాని కోసం రాసుకున్న ఫైళ్లు మిగిలాయి. ఆ ఫైళ్లనే జోన్ మెకార్డ్ అనే నేరశాస్త్రవేత్త తన జీవితకాలపు పనిగా మలచుకుంది.

1950ల చివర్లో ఆ ఫైళ్లను చదివి, ఒక్కో ఇంటి వాతావరణానికి గుర్తులు వేశారు. అప్పటికి పిల్లవాడు పెద్దయి ఏమయ్యాడో గుర్తులు వేసేవాళ్లకు తెలియదు. ఫలితం తెలిశాక వెనక్కి తిరిగి 'అందుకే అలా అయ్యాడు' అనుకునే బలహీనత మనందరికీ ఉంటుంది. దానికి అలా అడ్డుకట్ట పడింది. తర్వాత ఆ పిల్లలు నడివయసుకు వచ్చాక మెకార్డ్ కోర్టు రికార్డులు తెప్పించి, 1982లో ఫలితాలు ప్రచురించింది. తండ్రి లేని ఇంట్లో, తల్లి ఆప్యాయత కూడా కొరవడినవాళ్లలో 62 శాతం నేరాలకు పాల్పడ్డారు. తల్లిదండ్రులు కలిసే ఉండి, నిత్యం దెబ్బలాడుకునే ఇళ్లలో 52 శాతం. కలిసుండి, గొడవలు లేని ఇళ్లలో 26 శాతం. ఇక తండ్రి లేకపోయినా తల్లి ఆప్యాయంగా పెంచిన ఇళ్లలో 22 శాతం. చివరి రెండు అంకెల మధ్య తేడాను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు, రెండూ సమానమే అనుకోవచ్చు. అసలు చూడాల్సింది రెండో అంకెనూ నాలుగో అంకెనూ పక్కపక్కన పెట్టి. పెళ్లి నిలిచిన ఇంట్లో 52, నిలవని ఇంట్లో 22. పెద్దమనుషుల పంచాయితీ మొదటి ఇంటిని చూసి 'ఎలాగో నెట్టుకొస్తున్నారు, అది చాలు' అంటుంది. ఆ నెట్టుకురావడానికి మూల్యం ఎవరు కడుతున్నారో ఈ అంకె చెబుతోంది.

పక్కపక్కనున్న రెండు పట్టణాల్లోని రెండు మూడు వందల ఫైళ్ల మీద ఇంత బరువు పెట్టొచ్చా అని అడగవచ్చు. పెట్టకూడదు. అందుకే అట్లాంటిక్ అవతలి సంగతి కూడా చూడాలి. 1961లో డొనాల్డ్ వెస్ట్ దక్షిణ లండన్‌లోని శ్రామికుల పేటలో ఎనిమిది తొమ్మిదేళ్ల మగపిల్లలు 411 మందిని ఎంచుకుని వెంబడించడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత దాన్ని డేవిడ్ ఫారింగ్టన్ దశాబ్దాల పాటు కొనసాగించాడు. ఆ వివరాలను హెదర్ జూబీతో కలిసి 2001లో విడమరిచినప్పుడు చిత్రం మళ్లీ అలాగే వచ్చింది. చెదిరిన ఇళ్లలోనూ, కలిసుండి గట్టిగా తగాదాపడే ఇళ్లలోనూ బాలనేరం దాదాపు ఒకే స్థాయిలో ఉంది. మరణం వల్ల చెదిరిన ఇంటికన్నా తగాదాల వల్ల చెదిరిన ఇల్లు ఎక్కువ చేటు చేసింది. అన్నిటికన్నా నా దృష్టిని లాగింది ఇంకొకటి. విడిపోయాక తల్లి దగ్గరే కుదురుగా ఉండిపోయిన పిల్లలు, గొడవల్లేని నిండు ఇళ్ల పిల్లల్లాగే ఉన్నారు. తండ్రి దగ్గరికో, చుట్టాల ఇళ్లకో, సంస్థలకో చేరినవాళ్లు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ పోయినవాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నారు.

విడాకులు ఒకరోజున జరిగే సంఘటన కాదన్నది అందరికీ తెలిసిందే, కానీ లెక్కలు కట్టేటప్పుడు చాలాకాలం ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. తల్లిదండ్రులు విడిపోయిన పిల్లవాడు మొండికేస్తున్నాడనో, కొట్లాడుతున్నాడనో విడాకుల తర్వాత కొలిచి, ఆ మొండితనం విడాకుల ఖాతాలో రాసేసేవారు. 1991లో ఆండ్రూ చెర్లిన్, అతని సహచరులు ఈ పద్ధతిని పరీక్షకు పెట్టారు. బ్రిటన్‌లో 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన పిల్లలందరి రికార్డులూ వాళ్లకు దొరికాయి. ఏడేళ్ల వయసులో, అప్పటికింకా తల్లిదండ్రులు కలిసే ఉన్న పిల్లల ప్రవర్తన మీద ఉపాధ్యాయులూ తల్లులూ చెప్పింది అందులో ఉంది. పదకొండేళ్లకు వచ్చేసరికి వాళ్లలో కొందరి ఇళ్లు విడిపోయాయి. వెనక్కి వెళ్లి చూస్తే, ఆ ఇళ్ల మగపిల్లలు ఏడేళ్లప్పుడే, అంటే అమ్మానాన్నలు ఇంకా ఒకే కప్పు కింద ఉన్నప్పుడే, మిగతావాళ్లకన్నా తేడాగా ఉన్నారు. తర్వాత కనబడిన నష్టంలో చాలా భాగం ముందే జరిగిపోయింది. ఆడపిల్లల విషయంలో ఇది అంత స్పష్టంగా తేలలేదు.

సరే, అమ్మానాన్నల మధ్య మాటల యుద్ధం వీధి చివర తాళం పగలగొట్టడం దాకా ఎలా చేరుతుంది? దీన్ని దగ్గర నుంచి చూసినవాడు ఒరెగన్ రాష్ట్రంలోని యూజీన్ పట్టణంలో పనిచేసిన జెరాల్డ్ పాటర్సన్. అతని బృందం ఇళ్లలో కూర్చుని, తల్లీకొడుకుల మధ్య నిమిషం నిమిషం ఏం జరుగుతోందో రాసుకుంది. టీవీ కట్టెయ్యమని తల్లి అంటుంది. కొడుకు విననట్టు కూర్చుంటాడు. ఆమె గొంతు పెంచుతుంది, వాడు అంతకన్నా పెంచుతాడు. అప్పటికే అలసిపోయి ఉన్న తల్లి 'నీ ఇష్టం, ఏడువు' అని వెళ్లిపోతుంది. కొడుక్కి ఆ క్షణంలో ఒక పాఠం దక్కింది: అరిస్తే ఎదుటివాళ్లు తగ్గుతారు. తల్లికీ ఒకటి దక్కింది: వదిలేస్తే కాసేపు ప్రశాంతంగా ఉంటుంది. రోజుకు పదిసార్లు ఇదే తంతు నడిస్తే, వాడు ఆ పాఠాన్నే బడికీ తోటి పిల్లల దగ్గరికీ తీసుకెళతాడు. మంచి పిల్లలు వాణ్ణి దూరం పెడతారు, వాడిలాంటివాళ్లు దగ్గర చేర్చుకుంటారు. భర్తతో పోరాడి పోరాడి, ఆ తర్వాత ఒంటరిగా రెండు పనులు చేసుకుంటున్న మనిషికి ప్రతిసారీ నెమ్మదిగా, మాట మీద నిలబడి చెప్పే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? గ్లూక్ దంపతుల లెక్కల్లోనూ తల్లో తండ్రో ఉన్నారా లేరా అన్నదానికన్నా, పిల్లవాడి మీద తల్లి కనిపెట్టు ఎలా ఉందన్న దగ్గరే రెండు గుంపుల మధ్య తేడా చాలా ఎక్కువగా కనబడుతుంది. రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ హార్వర్డ్ గ్రంథాలయంలో మూలనబడి ఉన్న ఆ పాత పెట్టెలను వెలికితీసి, లెక్కలన్నీ కొత్త పద్ధతుల్లో మళ్లీ కట్టి 1993లో తేల్చిందీ అదే. కనిపెట్టు, అనుబంధం, క్రమశిక్షణ అనే మూడింటినీ లెక్కలోకి తెస్తే, ఇల్లు చెదరడానికి ఆపాదించిన ప్రభావంలో చాలావరకు వాటి కిందికే వెళ్లిపోతుంది.

కనిపెట్టడమంటే కాపలా కాయడం అనుకుంటే పొరపాటు. పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారో, ఎవరితో తిరుగుతున్నారో తెలిసిన తల్లిదండ్రులకు ఆ సంగతులు ఎలా తెలిశాయని స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ ఆరా తీశారు. 2000లో వెలువడిన వాళ్ల జవాబు చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఆరాలు తీసి, ఆంక్షలు పెట్టి తెలుసుకున్నది కొంతే. ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పుకోవడం వల్ల తెలిసింది. తగాదాల ఇంట్లో ముందు ఆగిపోయేది ఈ చెప్పుకోవడమే. నాన్న మీద ఏదన్నా చెబితే అమ్మ దాన్ని ఆయుధం చేసుకుంటుంది, అమ్మ మీద చెబితే నాన్న చేసుకుంటాడు. ఇది రెండుసార్లు అనుభవమైన పిల్లవాడు మూడోసారి నోరు మెదపడు.

ఇదంతా చూసి, మీరు రెండు విషయాల పొంతన చూపిస్తున్నారు తప్ప కారణం నిరూపించలేదని గట్టి పాఠకుడు అంటాడు. దానికి నా దగ్గరున్న మంచి జవాబు అదే యూజీన్ వాళ్లది. అప్పుడే భర్త నుంచి విడిపోయి, చిన్న తరగతుల్లో చదివే కొడుకులున్న 238 మంది తల్లుల్ని మేరియన్ ఫర్గాచ్ బృందం చీట్లు తీసినట్టు రెండుగా విడదీసింది. ఒక భాగానికి పద్నాలుగు సమావేశాల్లో పిల్లల పెంపకపు మెలకువలు నేర్పారు. మంచి పని చేసినప్పుడు గుర్తించి చెప్పడం, అరవకుండా చిన్న శిక్షను అమలుచేయడం, సాయంత్రాలు ఎక్కడుంటున్నాడో తెలుసుకోవడం, సమస్యను కూర్చుని మాట్లాడుకోవడం. ఇంతకు మించి మంత్రమేమీ లేదు. రెండో భాగానికి ఏమీ ఇవ్వలేదు. తొమ్మిదేళ్ల తర్వాత, కొడుకులు కుర్రాళ్లయ్యాక చూస్తే, శిక్షణ పొందిన తల్లుల పిల్లల్లో ఉపాధ్యాయులు గమనించిన ఆగడాలూ తక్కువే, పోలీసు అరెస్టులూ తక్కువే. విడాకులు రెండు వైపులా ఒకటే, తండ్రి రెండు ఇళ్లలోనూ లేడు. మారింది తల్లి పెంపకం ఒక్కటే, అది మారేసరికి నేరం తగ్గింది. కారణం ఎక్కడుందో చెప్పడానికి ఇంతకన్నా శుభ్రమైన పరీక్ష ఈ రంగంలో అరుదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, అది తెలిసిన కథే. విడిపోయాక తల్లి ఆదాయం పడిపోతుంది, చవక అద్దె వెతుక్కుంటూ పేట మారాలి, పిల్లవాడి బడి మారుతుంది, పాత స్నేహాలు తెగుతాయి. ఎంత పడిపోతుందన్న దాని మీద మాత్రం ఒక హెచ్చరిక. 1985లో లెనోర్ వైట్జ్‌మన్ అమెరికాలో విడాకుల తర్వాత ఆడవాళ్ల జీవన ప్రమాణం 73 శాతం పడిపోతుందని రాసింది. పత్రికలూ నాయకులూ ఏళ్ల తరబడి దాన్నే వల్లించారు. 1996లో రిచర్డ్ పీటర్సన్ ఆమె వివరాలనే తీసుకుని మళ్లీ లెక్కగడితే 27 శాతమే వచ్చింది. అది కూడా చిన్న దెబ్బ కాదు. అయినా విడాకుల గురించి ఎవరైనా పెద్ద అంకె చెప్పినప్పుడు కాస్త ఆగడం మంచిది.

ఇప్పుడు నా వాదనను నిజంగా ఇబ్బందిపెట్టే అభ్యంతరానికి వస్తాను. తగాదాలమారి తత్వం, ముందూవెనకా చూడని దూకుడు కొంతవరకు వారసత్వంగా వస్తాయి. అలాంటి స్వభావమున్నవాళ్ల పెళ్లిళ్లు నిలవవు, వాళ్ల పిల్లలు అదే స్వభావంతో పుడతారు. అలాంటప్పుడు విడాకులూ తగాదాలూ అన్నీ పైపై గుర్తులే, అసలు కారణం రక్తంలో ఉందనవచ్చు. దీన్ని తేల్చడానికి అలెగ్జాండ్రా బర్ట్, సహచరులు 2008లో దత్తత పిల్లలను చూశారు. పెంచిన తల్లిదండ్రులతో దత్తు పిల్లలకు రక్తసంబంధం ఉండదు కాబట్టి, స్వభావం వారసత్వంగా వచ్చే దారి మూసుకుపోతుంది. అయినా వాళ్ల పెంపుడు తల్లిదండ్రులు విడిపోయినప్పుడు బాలనేరం పెరిగింది, సొంత పిల్లల ఇళ్లలో పెరిగినట్టే. ఆస్ట్రేలియా కవలల పిల్లల మీద బ్రయన్ డొనోఫ్రియో చేసిన పరిశీలన కూడా దాదాపు ఇదే వైపు మొగ్గింది. అంటే అంతా రక్తంలో ఉందన్న వాదన నిలవదు. కానీ నిజాయితీగా చదివితే ఇవే ఫలితాలు నా వాదన మీద కూడా కొంత ఒత్తిడి తెస్తాయి. విడిపోవడమనే అనుభవం తన వంతుగా పిల్లవాడి మీద ఏదో ఒక గుర్తు వేస్తోందన్నమాట. తగాదాల ఖాతాలో మొత్తం రాసేయడం కుదరదు.

ఈ మిగిలిన భాగానికి అర్థం పాల్ అమాటో, అలన్ బూత్ చేసిన పనిలో దొరుకుతుంది. అమెరికాలో రెండు వేల మంది దాకా వివాహితులను 1980 నుంచి మళ్లీ మళ్లీ పలకరిస్తూ, విడాకులకు ముందు వాళ్ల ఇంట్లో గొడవ ఎంత ఉందో ముందే రాసిపెట్టుకున్నారు వాళ్లు. పిల్లలు పెద్దయ్యాక చూస్తే రెండు రకాల ఫలితాలు వచ్చాయి. గట్టి గొడవలున్న ఇల్లు విడిపోతే పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. కలిసే ఉండి కొట్టుకునే ఇళ్ల పిల్లలకన్నా మెరుగ్గా ఉన్నారు. పెద్దగా గొడవల్లేని ఇల్లు హఠాత్తుగా విడిపోతే పిల్లలు దెబ్బతిన్నారు. పైకి అంతా బాగానే ఉందనుకున్న పిల్లవాడికి ఒకరోజు నాన్న సూట్‌కేసు సర్దుకోవడం కనబడితే, అది దేని నుంచీ విముక్తి కాదు, ఉన్నది పోవడమే. కొలిచింది నేరాన్ని కాదు, పెద్దయ్యాక వాళ్ల మనసు కుదుట, బంధాలు ఎలా ఉన్నాయన్నది. అయినా ఈ వివరం పెద్దమనుషుల సలహాను తలకిందులు చేస్తుంది. 'పిల్లల కోసం కలిసుండండి' అన్న మాట ఎవరికి పనికొస్తుందంటే, విసుగు తప్ప వైరం లేని దంపతులకు. మనం దాన్ని ఎక్కువగా చెప్పేది మాత్రం ఒళ్లు వాచిపోయి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు.

దేశాల స్థాయిలో కూడా ఒక వాదన వినబడుతూ ఉంటుంది. 1969లో కాలిఫోర్నియా తప్పు నిరూపించకుండానే విడాకులిచ్చే చట్టం చేసింది, మిగతా రాష్ట్రాలు వెంట నడిచాయి, విడాకులు పెరిగాయి, కుర్రాళ్ల నేరాలూ పెరిగాయి, కాబట్టి ఒకటి రెండోదానికి కారణమని. ఈ కథ 1990ల మధ్యలో ఆగిపోతేనే అందంగా ఉంటుంది. అమెరికాలో బాలల అరెస్టులు 1996లో శిఖరానికి చేరి, తర్వాత పాతికేళ్లలో మూడింట రెండు వంతులకు పైగా పడిపోయాయి. ఆ కాలంలో ఒంటరి తల్లిదండ్రుల ఇళ్లలో పెరిగే పిల్లల వాటా అలా పడిపోలేదు. రెండు గీతలు కొన్నేళ్లు పక్కపక్కన పైకెక్కాయని ఒకదాని చేతికి ఇంకోదాన్ని కట్టేయలేం.

ఇక మన దేశం. 2011 జనాభా లెక్కల్లో విడాకులు తీసుకున్నామని చెప్పినవాళ్లు దాదాపు 13.6 లక్షల మంది, వివాహితుల్లో 0.24 శాతం. విడాకులు లేకుండా విడిగా ఉంటున్నామన్నవాళ్లు దానికి మూడింతల దాకా ఉన్నారు. ఈ రెండో అంకె మన సమాజం అసలు రూపం. తెలుగు పల్లెల్లో, పేద బస్తీల్లో పెళ్లి విరిగితే కోర్టు మెట్లెక్కేవాళ్లు కొద్దిమందే. ఎక్కువమంది విషయంలో ఆమె పిల్లల్ని తీసుకుని పుట్టింటికి చేరుతుంది, అతను రావడం మానేస్తాడు, కులపెద్దల ముందు ఏదో ఒప్పందమవుతుంది, లేదా ఏ ఒప్పందమూ లేకుండానే ఏళ్లు గడిచిపోతాయి. భరణం రాదు, పిల్లవాడు ఎవరి దగ్గరుండాలన్నది తేలదు. అమ్మమ్మ ఇల్లు, మేనమామ ఇల్లు, హాస్టలు, మళ్లీ నాన్న పిలిస్తే నాన్న దగ్గరికి. లండన్ లెక్కల్లో ఎక్కువ దెబ్బతిన్న పిల్లలది సరిగ్గా ఇలాంటి చేతులు మారే బతుకే. విడాకులు తక్కువ కాబట్టి ఈ సమస్య మనకు లేదనుకోవడం, తూనిక రాయి లేదు కాబట్టి బరువు లేదనుకోవడమే.

మన పోలీసు గణాంకాలు ఈ విషయంలో ఏమంటాయో చూస్తే ఇంకో తికమక ఎదురవుతుంది. చట్టంతో చిక్కుల్లో పడి పట్టుబడ్డ పిల్లల కుటుంబ నేపథ్యాన్ని జాతీయ నేర నమోదు సంస్థ ఏటా మూడు గడుల్లో చూపిస్తుంది: తల్లిదండ్రులతో ఉంటున్నవాళ్లు, సంరక్షకులతో ఉంటున్నవాళ్లు, ఇల్లూ వాకిలీ లేనివాళ్లు. ఈమధ్య సంవత్సరాల్లో నూటికి ఎనభై మందికి పైగా మొదటి గడిలోనే ఉంటున్నారు. దీన్ని పట్టుకుని, చూశారా, కుటుంబం ఉన్నా పిల్లలు చెడిపోతున్నారు కాబట్టి తప్పు సినిమాలదీ ఫోన్లదీ అనేవాళ్లున్నారు. ఆ గడి అంత మాట చెప్పదు. తల్లి ఒక్కతే ఉన్న ఇల్లూ, ఇద్దరూ సఖ్యంగా ఉన్న ఇల్లూ, రోజూ రాత్రి తాగి వచ్చి కొట్టే తండ్రి ఉన్న ఇల్లూ అందులో విడివిడిగా కనబడవు. పైగా దేశంలోని పిల్లల్లో అత్యధికులు తల్లిదండ్రులతోనే ఉంటారు కాబట్టి, పట్టుబడ్డవాళ్లలోనూ వాళ్లే ఎక్కువ ఉండటంలో వింత లేదు.

సరైన ప్రశ్న మన కాగితాల్లో లేకపోలేదు. బాలల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నిబంధనల్లో, ప్రొబేషన్ అధికారి పిల్లవాడి ఇంటికి వెళ్లి నింపాల్సిన సామాజిక పరిశోధన నివేదిక ఒకటుంది. బాలల న్యాయమండలి ఆ పిల్లవాణ్ణి ఏం చేయాలో నిర్ణయించే ముందు చూసే కాగితం అది. ఇంట్లో ఎవరెవరున్నారన్న పట్టికతో ఆగకుండా, కుటుంబ సభ్యుల మధ్య సంబంధాలెలా ఉన్నాయని అడుగుతుంది. తండ్రికీ తల్లికీ మధ్య, తండ్రికీ బిడ్డకీ మధ్య, తల్లికీ బిడ్డకీ మధ్య సఖ్యత ఉందా, లేదా, తెలియదా అని వరుసగా టిక్కు పెట్టమంటుంది. సోమర్‌విల్ సలహాదారులు ఐదేళ్లు తిరిగి రాసుకున్నదాన్ని మన అధికారి ఒకటి రెండు సందర్శనల్లో, చేతిలో ఎన్నో కేసులు పెట్టుకుని రాయాలి. ఆ హడావిడిలో 'తెలియదు' మీద టిక్కు పెట్టేయడం తేలిక. 'సఖ్యత లేదు' అని తేలిన చోట, ఆ తల్లికి పద్నాలుగు వారాల పాటు ఎవరైనా తోడు కూర్చునే ఏర్పాటు ఉంటే యూజీన్‌లో వచ్చిన ఫలితం ఇక్కడా వస్తుందో రాదో పరీక్షించి చూడొచ్చు. ప్రస్తుతానికి ఆ టిక్కులు ఒక్కో పిల్లవాడి ఫైల్లో ఉండిపోతున్నాయి. ఏటా అచ్చయ్యే జాతీయ పట్టికలోకి ఎక్కుతున్నవి ఆ మూడు గడులే.